మెసేజింగ్, అబ్‌స్ట్రాక్షన్: క్లాసులో రోజూ ఎదురయ్యే అపోహలు - వాస్తవాలు

ప్రోగ్రామింగ్ చెప్తూ చెప్తూ నాకు అర్థమైంది ఏంటంటే, స్టూడెంట్స్‌ని ఇబ్బంది పెట్టేది సింటాక్స్ (కోడ్ రాసే వ్యాకరణం) కాదు, మెసేజింగ్, అబ్‌స్ట్రాక్షన్ అనే ఈ రెండు మాటలే. డెఫినిషన్ అడిగితే గడగడా అప్పజెప్పేస్తారు, వాళ్ల కోడ్ తెరిచి చూస్తే మాత్రం రెండూ ఎక్కడా కనపడవు.

అపోహ: ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ ప్రోగ్రామింగ్ (డేటానీ, దానిమీద పనిచేసే కోడ్‌నీ ఆబ్జెక్ట్స్‌గా కలిపి రాసే పద్ధతి) అంటే క్లాసులు (ఆబ్జెక్ట్స్‌కి నమూనాలు), ఇన్‌హెరిటెన్స్ (ఒక క్లాసు గుణాలు ఇంకో క్లాసు తెచ్చుకోవడం).

వాస్తవం: ఆ పేరు పెట్టిన కంప్యూటర్ సైంటిస్ట్ అలన్ కే గారే 1998లో, ఆబ్జెక్ట్స్ అనే పేరు వల్ల జనం చిన్న విషయం పట్టుకున్నారు, అసలు పెద్ద ఐడియా మెసేజింగ్ అని రాశారు. 1970లలో జిరాక్స్ కంపెనీ పరిశోధనా కేంద్రం పార్క్ (PARC)లో తయారైన స్మాల్‌టాక్ అనే ప్రోగ్రామింగ్ భాషలో 3 + 4 కూడా మెసేజే, 3కి "+ 4" అని పంపుతాం, ఎలా కూడాలో అది చూసుకుంటుంది.

అపోహ: మెసేజ్ అంటే ఫంక్షన్ కాల్‌కి (పేరు పెట్టి ఉంచిన కోడ్ ముక్కని పిలవడానికి) ఇంకో పేరు.

వాస్తవం: పైకి అలాగే కనిపిస్తుంది, కాబట్టి స్టూడెంట్స్ తప్పేం లేదు. తేడా ఎక్కడంటే, మామూలు ఫంక్షన్ కాల్‌లో ఏ కోడ్ నడవాలో పిలిచేవాళ్లే ఖరారు చేస్తారు, మెసేజ్‌లో అది అందుకున్నవాళ్ల ఇష్టం. దీనికి నేను చీటీల ఆట ఆడిస్తా. ఇద్దరికి తలా కొన్ని నంబర్లు ఇస్తా, ఒకరు వచ్చిన వరసలోనే రాసుకుంటారు, ఇంకొకరు సైజు ప్రకారం సర్ది పెట్టుకుంటారు, మూడో మనిషి వాళ్ల నోట్‌బుక్‌లోకి తొంగి చూడకూడదు, "పెద్ద నంబర్ ఎంత?" అని చీటీ మాత్రమే పంపాలి. ఆట మధ్యలో మొదటి వాళ్ల చెవిలో పద్ధతి మార్చమని చెప్తా, వాళ్లు మార్చేస్తారు, అడిగేవాళ్లకి ఆ సంగతే తెలీదు. అప్పుడు చెప్తా, లోపల ఎలా చేస్తున్నారో తెలియకుండానే కావాల్సింది అడిగి తీసుకోగలగడం, ఇదే అబ్‌స్ట్రాక్షన్ అని.

అపోహ: అబ్‌స్ట్రాక్షన్ అంటే వివరాలు దాచి పైపైన చెప్పడం.

వాస్తవం: నాకు బాగా బాధ కలిగించే అపోహ ఇది. కంప్యూటర్ సైంటిస్ట్ డైక్‌స్ట్రా 1972లో ట్యూరింగ్ అవార్డు (కంప్యూటర్ రంగంలో పెద్ద పురస్కారం) ప్రసంగంలోనే దీనికి ఉల్టా చెప్పాడు, మసకగా మాట్లాడటానికి కాదు, ఇంకో స్థాయిలో పూర్తి కచ్చితంగా మాట్లాడటానికే అబ్‌స్ట్రాక్షన్ అని. స్టాక్ అనే డేటా అమరిక చూడండి, ప్లేట్ల దొంతర లాంటిది: చివర పెట్టిందే ముందు బయటికొస్తుంది, ఇందులో మసక ఎక్కడుంది? లోపల అర్రే (వరసగా పేర్చిన గళ్లు) ఉందా లింక్డ్ లిస్ట్ (ఒకదానికొకటి ముడేసిన గొలుసు) ఉందా అన్నది మాత్రం వాడేవాళ్లకి అనవసరం. ఆబ్జెక్ట్ లోపలి విలువలన్నిటికీ (ఫీల్డ్స్) ప్రైవేట్ పెట్టి, అంటే బయటివాళ్లు ముట్టుకోకుండా చేసి, మళ్లీ ఒక్కోదానికి దాన్ని చదివే గెట్టర్, మార్చే సెట్టర్ రాసేస్తే ఏమీ దాచినట్టు కాదు.

అపోహ: లేయర్లు (ఒకదానిమీద ఒకటి పేర్చిన అబ్‌స్ట్రాక్షన్లు) ఎన్ని ఎక్కువుంటే డిజైన్ అంత గొప్పది.

వాస్తవం: కాదు. ఏ మార్పు నుంచి కాపాడుతోందో చెప్పలేని లేయర్ తీసేయండి.

అపోహ: అబ్‌స్ట్రాక్షన్ ఉంటే కింద ఏం జరుగుతుందో తెలియక్కర్లేదు.

వాస్తవం: పైథాన్‌లో 0.1 + 0.2 కొట్టి చూడండి, 0.30000000000000004 వస్తుంది, కంప్యూటర్ లోపల అంకెల్ని 0, 1లతో (బైనరీలో) దాచుకుంటుంది, అందులో 0.1 కచ్చితంగా పట్టదు, ఆ సంగతే బయటికొచ్చేసింది. మెసేజ్ ఇంకో మెషీన్‌కి వెళ్లాలంటే ఇంకా కష్టం, అసలు చేరకపోవచ్చు. 1986లో ఎరిక్సన్‌లో టెలిఫోన్ ఎక్స్ఛేంజీల కోసం మొదలైన ఎర్లాంగ్ భాషలో ప్రాసెస్‌లు (ఒకేసారి విడివిడిగా నడిచే పనులు) మెమరీ పంచుకోవు, మెసేజ్‌లే పంపుకుంటాయి, జవాబు కోసం ఎంతసేపు ఆగాలో కూడా కోడ్‌లోనే రాసుకోవచ్చు.

చీటీల ఆటలో ఒక చీటీ నేను దారిలోనే జేబులో వేసుకుంటా. పంపినవాళ్లు చూసి చూసి, "ఎంతసేపు ఆగాలి, మళ్లీ పంపనా, రెండూ చేరితే ఎలా?" అని అడుగుతారు. టైమవుట్ (ఎంతసేపు ఆగి వదిలేయాలి అన్న గడువు) పాఠం ఆ ప్రశ్న వచ్చేదాకా నేను మొదలుపెట్టను.