ముక్కు వెనకాల నీడ

వైజాగ్‌లో పొద్దున్న పదింటికి కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) చుట్టుపక్కల వీధుల్లో నడిస్తే, ఒక చేత్తో పిల్లాణ్ని, ఇంకో చేత్తో పెద్ద కవరును పట్టుకుని డాక్టరు గది వెతుక్కుంటున్న అమ్మానాన్నలు ఎదురవుతారు. అలాంటి కవర్లలో కొన్నిట్లో తలను పక్క నుంచి తీసిన ఎక్స్‌రే ఉంటుంది. రాత్రి గురక, పగలు నోరు తెరుచుకుని ఊపిరి, విడవని జలుబు. ‘ముక్కు వెనకాల కండ పెరిగిందట’ అంటారు. రిపోర్టు చివర 0.7 అనో 0.8 అనో ఒక అంకె. ఇంట్లోవాళ్ల టెన్షనంతా ఆ అంకె మీదే. అసలు అది ఎక్కడి నుంచి వచ్చింది?

ఆ కండ పేరే అడినాయిడ్స్. అందరు పిల్లలకూ ఉంటాయి. ముక్కు వెనక, అంగిలికి పైన ఉండే మెత్తటి కణజాలం అది. పసితనంలో పెరిగి, బడి వయసు దాటాక నెమ్మదిగా కుంచించుకుపోతుంది. చిక్కేమిటంటే, నోరు తెరిపించి టార్చి వేసినా కనపడదు. 1868లో కోపెన్‌హాగెన్ డాక్టరు విల్‌హెల్మ్ మేయర్ దాని గురించి మొదటిసారి వివరంగా రాశాడు. ఆయన అంగిలి వెనక్కి వేలు పోనిచ్చి, తడిమి తెలుసుకున్నాడు. పిల్లలకు ఎంత నరకమో ఊహించుకోవచ్చు. 1895లో రాంట్‌జెన్ ఎక్స్‌రేలు కనుక్కున్నా, వైజాగ్‌లో ఆంధ్రా మెడికల్ కాలేజీ మొదలైన 1923 నాటికి కూడా ఈ పరీక్షకు వేలూ చిన్న అద్దమే ఎక్కువగా దిక్కు.

ఇక్కడ కొంచెం పక్కదారి. 1940లలో అమెరికాలో సన్నటి రేడియం కడ్డీని ముక్కులోంచి పోనిచ్చి అడినాయిడ్స్‌ను కరిగించే వైద్యం బాగా నడిచింది. జలాంతర్గాముల్లో, విమానాల్లో పనిచేసే సైనికులకూ, పిల్లలకూ చేశారు. చిన్నతనంలో మెడకు తగిలిన రేడియేషన్‌కూ థైరాయిడ్ క్యాన్సర్‌కూ సంబంధం ఉందని 1950ల నుంచి బయటపడుతూ వచ్చాక అలాంటి చికిత్సలు మూలపడ్డాయి. ఇప్పుడు తీసే ఒక్క ఎక్స్‌రేలో డోసు దానితో పోల్చలేనంత తక్కువ. అయినా అమ్మమ్మలు ‘పసిబిడ్డకు కరెంటు ఎందుకు పెట్టిస్తారు’ అని అడ్డుపడితే నాకు నవ్వు రాదు.

అంకె సంగతికొస్తే, 1968లో యోహానెసన్ అనే పరిశోధకుడు ఎక్స్‌రే మీద అడినాయిడ్ మందాన్ని కొలిచాడు. కానీ రెండేళ్ల పిల్లకూ పదేళ్ల పిల్లకూ తల సైజు ఒకటి కాదు కదా, మిల్లీమీటర్లు చూసి ఏం తేల్చాలి? 1979లో ఫుజియోకా, యంగ్, గర్డానీ అనే ముగ్గురు పరిశోధకులు దారి చూపించారు. పుర్రె అడుగు ఎముక వెంట ఒక గీత గీసి, అక్కడి నుంచి అడినాయిడ్ బాగా ఉబ్బిన చోటు వరకు ఒక కొలత. గట్టి అంగిలి వెనక కొస నుంచి పుర్రె అడుగున ఉన్న ఎముకల అతుకు వరకు రెండో కొలత. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే వచ్చేదే ఏ/ఎన్ రేషియో, అంటే అడినాయిడ్‌కూ ముక్కు వెనక జాగాకూ (నేసోఫారింక్స్) ఉన్న నిష్పత్తి. రిపోర్టు చివరి అంకె ఇదే. నెలన్నర బిడ్డకు సగటున 0.33, నాలుగున్నరేళ్లకు 0.588, పదిహేనున్నరేళ్లు వచ్చేసరికి 0.38. 0.8 దాటితే పెరిగినట్టు లెక్క. స్కేలు ఉంటే చాలు, కాబట్టి ఊరూరా పాకింది.

ఆ స్కేలు పెట్టే బొమ్మ సరిగ్గా రావడమే కష్టం. గాజువాకలో ఉండే మా చెల్లెలి కొడుక్కి ఐదేళ్లు. ఒక ల్యాబ్‌లో ఎక్స్‌రే తీయిస్తుంటే నేనూ వెళ్లాను. టెక్నీషియన్ కుర్రాడు పాపం ఓపిగ్గానే, ‘నోరు మూసుకో నాన్నా, ముక్కుతో గాలి పీల్చు’ అన్నాడు. వాణ్ని తీసుకొచ్చిందే ముక్కుతో పీల్చలేకపోతున్నాడని! వాడు ఒక్కసారిగా ఏడుపు లంకించుకున్నాడు. ఏడ్చేటప్పుడూ మింగేటప్పుడూ మెత్తటి అంగిలి పైకి లేచి వెనక్కి ఆనుతుంది. దాంతో గాలి దారి బొమ్మలో మూసుకుపోయినట్టు పడి, అడినాయిడ్ ఉన్నదానికన్నా పెద్దదిగా కనిపించవచ్చు. తల కాస్త పక్కకు తిరిగినా కొలత మారుతుంది. మావాడి రిపోర్టులో 0.82 అని వచ్చింది. ఏడ్చాడన్న మాట అందులో ఎక్కడా లేదు.

ఇప్పుడు సన్నటి ఎండోస్కోపు (లోపలికి చూపించే గొట్టం) ముక్కులోంచి వేసి నేరుగా చూస్తున్నారు. గాలి ఆడే దారి ఉందా లేదా కళ్లతో చూడొచ్చు. కానీ దానికీ పిల్లాడు సహకరించాలి, పరికరం ఉండాలి, ఖర్చు పెట్టుకోవాలి. ఈ మూడూ కుదరని చోట ఎక్స్‌రే ఇంకా పనికొస్తుందనే నా అభిప్రాయం, కొలిచిన ఆ ఒక్క క్షణానికి మించి దానికి తెలియదని గుర్తున్నంతవరకు. పడుకున్నాక గొంతు ఎలా సడలుతుందో, ఊపిరి ఎక్కడ ఆగుతుందో ఆ ఫిల్ములో ఉండదు.

మా ఈఎన్‌టీ డాక్టరు ఫిల్మును లైటుకు ఎత్తి చూసి, ‘ఏడ్చాడా?’ అన్నారు. తర్వాత మా చెల్లివైపు తిరిగి, ‘నిద్రపోతున్నప్పుడు ఫోన్‌లో ఏమైనా వీడియో తీశావా అమ్మా?’ అని అడిగారు. తీసింది. నలభై సెకన్లది. డాక్టరు దాన్ని మూడుసార్లు చూశారు.