వెన్న కాచడం తెలిస్తే బాదం కేకు వచ్చినట్టే

బుజ్జీ, చిన్నూ,

మొన్న వీడియో కాల్‌లో నేను ఓటీజీ (చిన్న కరెంటు ఓవెన్) ముందు కుర్చీ వేసుకుని కూర్చోవడం చూసి ఇద్దరూ పడీపడీ నవ్వారు. నవ్వితే నవ్వారు గానీ, ఆ బాదం కేకులు ఎలా చేశావో రాసి పంపమని చిన్నూ అడిగాడు కదా, అందుకే ఈ ఉత్తరం. ఫోన్‌లో చెబితే సగం విని ఆటకి పరిగెడతారు.

వీటిని ఫినాన్సియే అంటారు. ఫ్రాన్సు వాళ్ళవి. టీతో పాటు రెండు నోట్లో వేసుకునేంత చిన్న కేకులు. బెంజ్ సర్కిల్ వైపు ఒక బేకరీలో మొదటిసారి తిన్నాను. కొరకగానే వచ్చింది మన వంటింటి వాసన! కాగుతున్న నెయ్యి వాసన. పారిస్ కేకులో విజయవాడ నెయ్యి ఎలా దూరిందా అని, ఇంటికొచ్చి కూపీ లాగాను.

పూర్వం నాన్సీ అనే ఊళ్ళో క్రైస్తవ సన్యాసినులు ఇలాంటి బాదం కేకులు చేసేవాళ్ళట. 19వ శతాబ్దం చివర్లో పారిస్ స్టాక్ ఎక్స్చేంజి దగ్గర లాన్ అనే మిఠాయి వ్యాపారి వీటిని బంగారు కడ్డీల ఆకారంలో పోసి అమ్మాడని చెబుతారు. షేర్ల బేరాల మధ్య చేతికి జిడ్డు అంటకుండా తినడానికి వీలుగా ఉండేవట. నేను ఉద్యోగమంతా బ్యాంకులోనే చేశాను. గోల్డ్ లోన్ కౌంటర్లో గాజులూ గొలుసులూ చూశాను తప్ప కడ్డీ మాత్రం కంటపడలేదు. చివరికి ఇలా తినే కడ్డీ దొరికింది.

ఇక అసలు సంగతి వెన్నలో ఉంది. ఈ ఒక్క పనీ శ్రద్ధగా చేస్తే మిగతాదంతా కలపడమే. వెన్నలో కొవ్వుతో పాటు కొంచెం నీళ్ళు, కొంచెం పాల పదార్థం ఉంటాయి. పొయ్యి మీద పెట్టగానే చిటపటలాడేది ఆ నీళ్ళే. అవి ఉన్నంతసేపూ వేడి 100 డిగ్రీలు దాటి పెద్దగా పెరగదు, అందుకని రంగు మారదు. చిటపట తగ్గిందంటే నీళ్ళు ఆవిరైపోయాయని అర్థం. అప్పుడు వేడి పైకెక్కి, పాలలోని ప్రోటీన్లూ చక్కెరా కలిసి ఎర్రబడతాయి. కమ్మటి వాసన అక్కడే పుడుతుంది. నెయ్యి కాచినప్పుడు అడుగున మిగిలే గసి ఇదే. మీ అమ్మ చిన్నప్పుడు ఆ గిన్నెలో పంచదార వేసుకుని గీక్కుని తినేది, అడగండి.

మనం నెయ్యి వడకట్టి గసి వేరు చేస్తాం. ఫ్రెంచి వాళ్ళు గసితో సహా కేకులో పోస్తారు. తేడా అంతే. అమ్మమ్మ అలవాటు కొద్దీ మునగాకు వేయబోయింది, చెయ్యి పట్టుకుని ఆపాను. మీరూ వేయకండి.

స్టీలు గిన్నెలోనే కాచండి. నల్ల మూకుట్లో రంగు తెలియదు. సన్న సెగ మీద తిప్పుతూ ఉండాలి. నురగ కింద గోధుమరంగు కనబడగానే దించి వెంటనే వేరే గిన్నెలోకి వంపేయండి. అదే గిన్నెలో వదిలేస్తే ఆ వేడికే మాడి చేదెక్కుతుంది. పొయ్యి దగ్గర పని మాత్రం అమ్మ పక్కనుంటేనే.

కొలతలు రాసుకోండి. ఉప్పు లేని వెన్న 100 గ్రాములు, బాదం పప్పు 75, పంచదార పొడి 120, మైదా 40, నాలుగు కోడిగుడ్ల తెల్లసొన, చిటికెడు ఉప్పు. సోడా, బేకింగ్ పౌడరు ఏమీ వద్దు. వీటితో చిన్న కప్పులైతే పన్నెండు దాకా వస్తాయి.

బాదం పప్పు వన్‌టౌన్‌లో హోల్‌సేల్ కొట్ల వైపు వెళ్ళినప్పుడు తెస్తాను. మీరు ఎక్కడైనా కొనండి, కానీ ఒకటి నమిలి చూసి కొనండి. పాతబడితే పాత నూనె వాసన వస్తుంది, అది కేకులో దాగదు. నానబెట్టి తొక్క తీయాల్సిన పనిలేదు, తొక్కతోనే బాగుంటుంది. మిక్సీలో మాత్రం కాస్త పంచదార పొడి కలిపి, ఆపి ఆపి తిప్పండి. ఒకేసారి గిర్రున తిప్పితే మిక్సీ జార్ వేడెక్కి పప్పులోంచి నూనె దిగి ముద్దవుతుంది.

బాదం పొడి, మిగతా పంచదార, మైదా, ఉప్పు కలిపి జల్లించండి. తెల్లసొనను నురగ వచ్చేలా గిలకొట్టక్కర్లేదు, ఫోర్కుతో కాస్త కదిపి పోస్తే చాలు. కాచిన వెన్న గోరువెచ్చగా అయ్యాక గసి మొత్తం గీకి కలపండి. వేడిగా పోశారో, గుడ్డు ఉడికి పలుకులు కడుతుంది. పిండి దోసెల పిండి కన్నా కాస్త చిక్కగా ఉండాలి. మూతపెట్టి ఒక గంట ఫ్రిజ్‌లో ఉంచండి. ఆ గంటలో పొడి తడిని పీల్చుకుంటుంది, వెన్న గట్టిపడుతుంది. మన ఎండల్లో ఫ్రిజ్ లేకుండా ఆ మాటే ఎత్తకండి.

కడ్డీ అచ్చులు లేకపోతే ఏం, పాయసం తాగే చిన్న స్టీలు గిన్నెలు చాలు. లోపల వెన్న రాసి, మైదా చల్లి, ముప్పాతిక వరకే నింపండి. ఓటీజీని ముందే 190 డిగ్రీలకు వేడిచేసి పెట్టండి. పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు పడుతుంది. అంచులు బాగా ఎర్రబడాలి, మధ్యలో నొక్కితే పైకి లేవాలి. రంగు చూసి భయపడి తొందరగా తీస్తే పచ్చి మైదా రుచి వస్తుంది. అంచు కరకర, లోపల మెత్తన, అదీ దీని అందం. మొదటి రోజే ఆ కరకర. వానాకాలంలో అయితే సాయంత్రానికే మెత్తబడతాయి, డబ్బాలో పెట్టి దాచినా లాభం లేదు.

గుడ్డు తినని స్నేహితులు వస్తే బదులు ఏం వేయాలని చిన్నూ అడుగుతాడని తెలుసు. నన్నడిగితే ఏమీ వేయొద్దు. వాళ్ళకి బాదం బర్ఫీ చేసి పెట్టండి, అది దానికదే గొప్పది.

మిగిలిన నాలుగు పచ్చసొనలూ పారేయకండి. ఇంకో గుడ్డు కలిపి ఉల్లిపాయలు, పచ్చిమిర్చి వేసి అట్టు పోస్తే అమ్మకి రాత్రి కూర వెతుక్కునే పని తప్పుతుంది.

ఇట్లు,
మీ తాతయ్య,
విజయవాడ