టీఐ-99/4ఏ: 16 బిట్ ప్రాసెసర్ ఉండి కూడా ఎందుకంత స్లో?

1981లో ఆపిల్, అటారీ, కమోడోర్ అన్నీ 8 బిట్ 6502 ప్రాసెసర్ మీద నడుస్తుంటే టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ళు తమ హోమ్ కంప్యూటర్ టీఐ-99/4ఏలో 16 బిట్ టీఎంఎస్9900 పెట్టారు, 3 మెగాహెర్ట్జ్. పేపర్ మీద చూస్తే ఇదే గెలవాలి. కానీ దాంట్లో ఉండే బేసిక్ లాంగ్వేజ్‌లో ప్రోగ్రామ్ రాసి రన్ కొడితే మిగతావాటికంటే వెనకే ఉండేది.

దీని మూలం 1979లో వచ్చిన టీఐ-99/4లో ఉంది. ఆ మెషిన్‌కి ముందు అనుకున్నది చవకైన ఇంకో చిప్, అది చేతికి రాకపోవడంతో కంపెనీ దగ్గర ఉన్న 9900నే తెచ్చి, 8 బిట్‌కి సరిపడేలా వేసుకున్న డిజైన్‌లో ఇరికించారు. దాంతో ప్రాసెసర్ నేరుగా వాడుకోగలిగే ర్యామ్ కేవలం 256 బైట్లు! పైగా 9900కి రిజిస్టర్లు (లెక్క చేసేటప్పుడు విలువలు పెట్టుకునే చోట్లు) కూడా ర్యామ్‌లోనే ఉంటాయి, అంటే అవి కూడా ఈ 256లోనే సర్దుకోవాలి. డబ్బా మీద రాసిన 16కే ర్యామ్ అంతా వీడియో చిప్ వెనకాల ఉంటుంది, ప్రాసెసర్‌కి కావాలంటే ముందు అడ్రస్ చెప్పి ఒక్కో బైట్ అడిగి తీసుకోవాలి, మనం టైప్ చేసిన బేసిక్ ప్రోగ్రామ్ ఉండేది అక్కడే. తర్వాత కొందరు హాబీయిస్టులు కన్సోల్ విప్పి 32కే ర్యామ్‌ని నేరుగా 16 బిట్ బస్ (ప్రాసెసర్ డేటా తెచ్చుకునే దారి) మీద సోల్డర్ చేసుకున్నారు, స్పీడ్ తేడా బాగా తెలిసింది, అంటే తప్పు ప్రాసెసర్‌ది కాదు.

నా లెక్కలో ఇంకా పెద్ద దెబ్బ బేసిక్‌ది. దాన్ని చాలావరకు జీపీఎల్ అనే సొంత లాంగ్వేజ్‌లో రాశారు, అది కూడా బేసిక్‌లాగే ఇంటర్‌ప్రెటెడ్ (నడిచేటప్పుడే ఒక్కో ఆదేశాన్ని చదివి అర్థం చేసుకుంటూ పోయేది), అంటే మన ఒక్క లైన్ నడవాలంటే రెండుసార్లు ఇంటర్‌ప్రెట్ అవ్వాలి. ఆ కోడ్ ఉండేది గ్రోమ్ అనే టీఐ సొంత చిప్‌లలో, అవి కూడా ఒక్కో బైటే ఇస్తాయి. గ్రోమ్‌లు బయటివాళ్ళకి అంత ఈజీగా దొరికేవి కాదు, కాబట్టి కార్ట్రిడ్జ్‌ల (కన్సోల్‌లో గుచ్చే ప్రోగ్రామ్ డబ్బీల) బిజినెస్ తమ చేతిలోనే ఉంటుందని కంపెనీ ఆశ. 1983లో అయితే లైసెన్స్ లేని రోమ్-ఓన్లీ (గ్రోమ్ లేకుండా మామూలు రోమ్ చిప్‌లతోనే చేసిన) కార్ట్రిడ్జ్‌లు పనిచేయకుండా కన్సోల్‌నే మార్చేశారు.

అదే టైమ్‌లో కమోడోర్‌తో ధరల యుద్ధం, 525 డాలర్ల మెషిన్ 100 డాలర్ల దగ్గరికి దిగింది. ఆ రేటుకి కన్సోల్ మీద నష్టమే, సంపాదన సాఫ్ట్‌వేర్ మీదే రావాలి, ఆ సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళనేమో తలుపు దగ్గరే ఆపేశారు. 1983 అక్టోబర్‌లో టీఐ హోమ్ కంప్యూటర్ల నుంచి తప్పుకుంటున్నట్టు ప్రకటించింది, మిగిలిన స్టాక్ 49 డాలర్లకి కూడా అమ్ముడైంది.