కొయ్యపలక, ముడుల దారం, ధ్రువ నక్షత్రం

కార్తీక పౌర్ణమి తెల్లారుజామున మా బరంపురం చెరువుల దగ్గర, గోపాల్‌పూర్ ఒడ్డున అరటి దొప్పల పడవల్లో దీపాలు పెట్టి వదుల్తారు, ఒడియా వాళ్ళే కాదు, మన తెలుగు ఇళ్ళవాళ్ళు కూడా. ఈసారి పండగయ్యాక మా వీధిలో టెన్త్ చదివే అమ్మాయి అడిగింది, "మావయ్యా, ఆ కాలంలో కళింగ ఓడలు సుమత్రా, జావా దాకా వెళ్ళేవంటారు కదా, గాలి తోస్తుంది సరే, చుట్టూ నీళ్ళే ఉంటే ఎక్కడున్నామో ఎలా తెలిసేది?" అని. చాలా మంచి ప్రశ్న ఇది. గాలి సంగతి అందరూ చెప్తారు, కార్తీకం వచ్చేసరికి నైరుతి గాలి ఆగి ఈశాన్యం నించి మొదలవుతుంది, దాంతో దక్షిణానికి దిగొచ్చు, మళ్ళీ వేసవి దాటాక వచ్చే నైరుతి గాలికి ఇంటికి తిరగొచ్చు, అంతే. ఎక్కడున్నామో తెలియడం అనేది వేరే లెక్క, నాకు అసలు పిచ్చి ఉన్నది దాని మీదే.

చిలికా సరస్సుకి దక్షిణం కొసన పాలూరు ఉంది చూడండి, 2వ శతాబ్దంలో గ్రీకు భూగోళ పండితుడు టాలెమీ రాసిన పలౌరా అదేనని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. తూర్పు దేశాలకి పోయే ఓడలు ఒడ్డు వదిలేసి నడిసముద్రంలోకి తిరిగే చోటు ఆ దగ్గర్లోనే ఉందని ఆయన రాశాడు. ఒడ్డు కనిపిస్తున్నంతసేపూ కొండని చూసో, గుడి శిఖరాన్ని చూసో, నీళ్ళ రంగు చూసో పోవచ్చు, ఒడ్డు వదిలేశాక మిగిలేది ఆకాశమే. కంపాస్ ఉంటే చాలదా అంటారేమో, చైనా వాళ్ళకి 11, 12 శతాబ్దాల్లోనే అది ఉంది, కానీ కంపాస్ ఉత్తరం ఎటో చెప్తుంది గానీ మీరు ఉత్తరానికి ఎంత దూరంలో ఉన్నారో చెప్పదు.

ఆ సంగతి చెప్పేది ధ్రువ నక్షత్రం. భూమధ్యరేఖ మీద నిలబడితే అది సముద్రానికి ఆనుకుని ఉంటుంది, ఉత్తర ధ్రువం మీద అయితే నడినెత్తిన ఉంటుంది, మధ్యలో మీరు ఉత్తరానికి 111 కిలోమీటర్లు వెళ్ళినప్పుడల్లా ఒక డిగ్రీ పైకి లేస్తుంది. అంటే ధ్రువుడి ఎత్తు ఎంతో మీ అక్షాంశం అంత, వేరే లెక్కేం లేదు. బడిలో అక్షాంశాలంటే ఊహారేఖలు అని బట్టీ పట్టిస్తారు, పిల్లల్ని ఒక్కసారి డాబా మీదకి తీసుకెళ్ళి "అదిగో, ఆ చుక్క 19 డిగ్రీల ఎత్తులో ఉంది, అందుకే మనది 19" అని చూపిస్తే జన్మలో మర్చిపోరు.

మరి ఊగే ఓడ మీద ఆ ఎత్తు కొలవడం ఎలా? అరబ్బు సరంగులు వాడింది ఒక చిన్న కొయ్యపలక, దాని మధ్యలో కట్టిన ముడుల దారం. దాన్ని కమాల్ అంటారు. దారాన్ని పళ్ళతో కరిచిపట్టుకుని, పలకని ముందుకి చాపి, పలక కింది అంచు సముద్రం ఆకాశం కలిసే గీత మీద, పై అంచు సరిగ్గా నక్షత్రం మీద ఆనేదాకా ముందుకీ వెనక్కీ జరుపుతారు. అప్పుడు పళ్ళ మధ్య ఎన్నో ముడి ఉందో అదే సమాధానం. ఓడ ఊగినా పలక, మనిషి, దారం అన్నీ కలిసే ఊగుతాయి కాబట్టి తూకపు గుండు వేలాడదీసే పరికరాల కంటే ఇది నయం.

ఇక్కడ కొంచెం లెక్క చూద్దాం, ఎందుకంటే దీని అందమంతా లెక్కలోనే ఉంది. పలక ఎత్తు 6 సెంటీమీటర్లు అనుకోండి. దారం పొడవు కావాలంటే పలకలో సగం, అంటే 3 సెంటీమీటర్లని, నక్షత్రం ఎత్తులో సగం కోణానికి ఉండే టాంజెంట్‌తో భాగించాలి. శ్రీలంక గాలే రేవు అక్షాంశం 6 డిగ్రీలు, దానికి దారం 57 సెంటీమీటర్లు, దాదాపు చెయ్యి చాపినంత. 7 డిగ్రీలకి 49. అంటే ఒక్క డిగ్రీకి 8 సెంటీమీటర్ల తేడా, చీకట్లో తడిమినా తెలుస్తుంది. అదే ఉత్తరానికి వస్తే కళింగపట్నానికి 18.6 సెంటీమీటర్లు, గోపాల్‌పూర్‌కి 17.6. మధ్యలో 100 కిలోమీటర్లుంది, దారంలో తేడా ఒక్క సెంటీమీటరు! అందుకే ఉత్తరపు రేవులకి పెద్ద పలక, దక్షిణపు రేవులకి చిన్న పలక వేరువేరుగా కావాలి. 15వ శతాబ్దం చైనా నావికులు వరసగా పన్నెండు పలకల సెట్టు వాడేవారు.

అరబ్బు సరంగుల కొలత డిగ్రీల్లో కాదు, వేళ్ళల్లో. చెయ్యి చాపితే ఒక వేలు వెడల్పు కప్పేంత కోణం ఒక 'ఇస్బా', మొత్తం వృత్తానికి 224 ఇస్బాలు, అంటే ఒకటి 1.6 డిగ్రీలు. ఓడ నేరుగా ఉత్తరానికో దక్షిణానికో ఒక రాత్రీ పగలూ పోతే నక్షత్రం ఒక ఇస్బా మారుతుందని వాళ్ళ లెక్క, ఆ 24 గంటల్ని మూడేసి గంటల చొప్పున ఎనిమిది 'జామ్'లు చేశారు. మన జాము కూడా మూడు గంటలే. పావు ఇస్బా తప్పు చూస్తే 45 కిలోమీటర్లు పోతుంది. రేవు ఉన్న అక్షాంశాన్ని నడిసముద్రంలోనే పట్టేసి, ఇంక ఆ ఎత్తు చెడకుండా నేరుగా ఒడ్డుకి వచ్చేయడమే పద్ధతి. తూర్పు పడమరల్లో ఎంత దూరం వచ్చామో కొలిచే దారి మాత్రం 18వ శతాబ్దంలో కచ్చితమైన గడియారాలు వచ్చేదాకా లేదు.

ఇప్పటిదాకా సులువుగా ఉంది కదా, ఇప్పుడు అసలు చిక్కు. పెళ్ళిలో అరుంధతితో పాటు ధ్రువుణ్ణి కూడా చూపిస్తారు, ఆయన కదలడని. నిజానికి కదులుతాడు. భూమి అక్షం బొంగరంలా మెల్లగా తల తిప్పుతూ 25,800 ఏళ్ళకి ఒక చుట్టు వేస్తుంది, అందుకని ఉత్తర ధ్రువం ఎదురుగా ఉండే చుక్క మారిపోతూ ఉంటుంది. ఈ రోజు మన ధ్రువుడు అసలు బిందువుకి ముప్పావు డిగ్రీ లోపే ఉన్నాడు, 2100 ప్రాంతానికి ఇంకా దగ్గరవుతాడు. కాకతి గణపతిదేవుడు మోటుపల్లిలో ఓడ వర్తకులకి అభయ శాసనం వేయించిన 1244 ప్రాంతంలో దాదాపు 5 డిగ్రీల దూరంలో ఉన్నాడు! అంటే ఆ కాలంలో గోపాల్‌పూర్ సముద్రం మీద నించి చూస్తే ధ్రువుడు 14 నించి 24 డిగ్రీల దాకా గుండ్రంగా తిరిగేవాడు. ఇది తెలియకుండా కొలిచినవాడు ఒక వేళలో చూసి నెల్లూరు దగ్గరున్నాననుకుంటాడు, ఇంకో వేళలో చూసి ఢాకా కంటే ఉత్తరాన ఉన్నాననుకుంటాడు.

దీనికి ఆ అరబ్బు సరంగులు చేసిన పని నాకు ఎంత చెప్పినా తనివి తీరదు. ధ్రువుడు అన్నిటికంటే కిందకి దిగినప్పుడు ఉండే ఎత్తునే ప్రమాణంగా పెట్టుకున్నారు. మరి కిందకి దిగాడని ఎలా తెలుస్తుంది? చంద్రుడి దారిలో ఉండే నక్షత్రాలు, మనకి 27, అరబ్బులకి 28, వాటిలో ఏది ఇప్పుడు ఆకాశం మధ్య గీత దాటుతోందో చూస్తే ధ్రువుడు తన చుట్టులో ఎక్కడున్నాడో తెలిసిపోతుంది. ఒక్కో నక్షత్రానికి, కొలిచిన ఎత్తులోంచి ఎంత తీసెయ్యాలో నోటికి వచ్చేలా నేర్చుకునేవారు, ఆ సవరింపుని 'బాషీ' అనేవారు. 15వ శతాబ్దం చివర అరబ్బు నావికుడు ఇబ్న్ మాజిద్ ఈ విద్యంతా గ్రంథంగా రాసిపెట్టాడు. మనం అశ్విని భరణి కృత్తిక అని గడగడా అప్పజెప్తాం, ముహూర్తానికీ పేరుబలానికీ పంచాంగం తిరగేస్తాం, కృత్తిక ఎక్కడుందో తలెత్తి చూడం. ఒకప్పుడు అవి నడిసముద్రంలో ప్రాణాలు కాపాడే గడియారం, ఆ వాడకం పోయి భయాలు మాత్రం మిగలడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

చేసి చూద్దామని పలకా దారం పట్టుకుని గోపాల్‌పూర్ వెళ్తే మాత్రం పని జరగదు. మన ఒడ్డుకి సముద్రం ఆగ్నేయం వైపుంది, ఉత్తరాన నేల, చెట్లు, బిల్డింగులు, కింద ఆనించడానికి గీతే ఉండదు. బడి ప్రొట్రాక్టర్‌కి దారం, చిన్న రాయి కట్టి, అంచు వెంట ధ్రువుణ్ణి చూసి, దారం 90 నించి ఎంత జరిగిందో చదవండి. బరంపురం, రాయగడ, పర్లాకిమిడి, జయపురం ఎక్కడైనా 19కి కాస్త అటూఇటూనే వస్తుంది, కాబట్టి అదే రాత్రి చెన్నైలో ఉన్న చుట్టాలకి ఫోన్ చేసి వాళ్ళని కూడా కొలవమనండి, వాళ్ళకి 13 రావాలి. 9వ శతాబ్దంలో బాగ్దాద్ ఖలీఫా అల్ మామూన్ పంపిన పండితులు ఇప్పటి ఇరాక్‌లోని సింజార్ ఎడారిలో చేసింది ఇలాంటి పనే, ఆకాశంలో ఎత్తు ఒక డిగ్రీ మారేదాకా నేల మీద నడిచి దూరం కొలిచారు, 56 మైళ్ళు, ఇంకో మైలులో మూడింట రెండు వంతులు వచ్చింది వాళ్ళ మైళ్ళల్లో. మీకు నడవక్కర్లేదు, మ్యాపులో బరంపురానికీ చెన్నైకీ మధ్య ఉత్తర దక్షిణ దూరం దాదాపు 690 కిలోమీటర్లు, దాన్ని మీ ఇద్దరి కొలతల తేడాతో భాగించి 360తో గుణిస్తే భూమి చుట్టుకొలత మీ నోట్‌బుక్‌లోనే వస్తుంది, 40,000కి ఎంత దగ్గరగా వచ్చిందో నాకూ చెప్పండి.