కంచంలాంటి కొల్లేరు

చిరంజీవులకు,

ఆటపాక పక్షుల కేంద్రానికి వెళ్లివచ్చాక మీలో ఒకరు అడిగారు: “తాతయ్యా, కైకలూరు చుట్టూ ఎక్కడ చూసినా చేపల చెరువులే కదా! నీళ్లూ చేపలూ అక్కడా ఉండగా పక్షులకు కొల్లేరే ఎందుకు కావాలి?”

కంచాన్నీ బిందెనూ పక్కపక్కన పెట్టుకుని ఆలోచించండి. చేపల చెరువు బిందె; గట్టు దిగగానే లోతు. ఈత వచ్చిన గూడబాతు (పెలికాన్) అందులోనూ తినగలదు, అందుకే చేపల రైతులు దానిని తరుముతారు. నడిచి తినే పక్షులకు మాత్రం అక్కడ కాలు పెట్టే చోటు ఉండదు. కొల్లేరు కంచం. దాని అంచున ఉత్త తడి, ఆ తర్వాత చీలమండ లోతు, ఆపైన మోకాటి లోతు. ఉల్లంకి పిట్ట అంచు బురదలో పురుగులు ఏరుకుంటుంది. ఎర్రకాళ్ల కొంగ ఇంకాస్త లోపల నిలబడి, తెరిచిన ముక్కును నీళ్లలో అటూ ఇటూ ఆడిస్తూ, చేప తగలగానే టక్కున మూస్తుంది. వానలు వెనకబట్టాక కంచం అంచు కొద్దికొద్దిగా లోపలికి జరుగుతుంది, నిన్న నీటి అడుగున ఉన్న నేల నేడు బురదగా బయటపడుతుంది, అంటే రోజూ కొత్త వడ్డనే. బిందెకు ఆ భాగ్యం లేదు.

బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చిన నీరు కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పల్లంలో పరుచుకుని, మిగిలినది ఉప్పుటేరు గుండా సముద్రానికి పోతుంది. నా చిన్నప్పుడు మా తాతగారు తాటిదోనెలో నన్ను లంకల మధ్యకు తీసుకువెళ్లేవారు. గెడను పైకి తీసి, దాని మీది తడిని చూపి, లోతెంతో నా చేత చెప్పించేవారు. దోనె ఆనిన చోట ఇద్దరమూ దిగి నెట్టేవాళ్లం.

తరువాత ఆ నేలను గట్లతో ముక్కలు చేశారు. 1999లో కొల్లేరు అభయారణ్యమైంది, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలల పట్టిక అయిన రామ్‌సర్ జాబితాలో చేరింది, 2006లో అభయారణ్యంలోని చేపల చెరువుల గట్లు తెంచారు. ఆ తరువాత కూడా ఆక్రమణలు ఆగలేదు. చేపల మీద బతికే కుటుంబాల కష్టం తెలిసినవాడినే, అయినా అందరి కంచాన్ని కొందరి బిందెలుగా మార్చడం న్యాయం కాదని మీకు చెప్పక తప్పదు.

గూడబాతు పిల్ల తల్లి గొంతుసంచిలోకి తల మొత్తం దూర్చి తింటుంది. అది ఊపిరి ఎలా తీసుకుంటుందని అడగకండి, ఈ శీతాకాలం మళ్లీ వెళ్లి చూడండి. గూళ్ల దగ్గర కేకలు వేయవద్దు. తల్లి బెదిరి లేచిపోతే రెక్కలు రాని పిల్లలు ఎండకు తాళలేవు. నీటి అంచున ఒక్కో పక్షి కాలు ఎంతవరకు మునిగిందో బొమ్మ గీసి నాకు పంపండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య