ఒకే ఒబోన్ పండగ జపాన్‌లో మూడు వేర్వేరు తేదీల్లో ఎందుకొస్తుంది?

ఆగస్టు మధ్యలో జపాన్‌లో బుల్లెట్ ట్రైన్ టికెట్లు దొరకడం చాలా కష్టం, ఎందుకంటే అది ఒబోన్ టైం, చనిపోయిన పెద్దలు ఇంటికొస్తారని నమ్మే రోజులు, అందరూ సొంతూళ్లకి బయల్దేరతారు. కానీ టోక్యోలో చాలా ఇళ్లల్లో ఇదే పండగ జులై 13 నుంచి 16 లోపే అయిపోతుంది, దక్షిణాన ఉన్న ఒకినావా దీవుల్లో అయితే ఏటా తేదీ మారుతుంది.

అసలు తిథి ఒక్కటే, చాంద్రమానంలో ఏడో నెల పౌర్ణమి. బుద్ధుడి శిష్యుడు మౌద్గల్యాయనుడు, చనిపోయిన తల్లి ప్రేతలోకంలో ఆకలితో అల్లాడుతుంటే చూసి తట్టుకోలేక బుద్ధుణ్ణి అడిగాడట, బుద్ధుడు ఆ పౌర్ణమి నాడు భిక్షువులకి అన్నం పెట్టమన్నాడట. ఈ కథ చైనా మీదుగా జపాన్ చేరింది, 657లోనే అక్కడ ఈ క్రతువు చేసినట్టు నిహోన్ షోకి అనే పాత చరిత్ర గ్రంథంలో ఉంది.

దోసకాయకి నాలుగు పుల్లలు గుచ్చి గుర్రం చేస్తారు, వంకాయకి గుచ్చి ఆవు చేస్తారు. పెద్దలు గుర్రమెక్కి త్వరగా రావాలి, వెళ్లేటప్పుడు మాత్రం ఆవు మీద నిదానంగా వెళ్లాలి. నాకు ఈ పండగలో బాగా నచ్చేది ఇదే.

తేదీల గందరగోళం 1872 చివర్లో మొదలైంది. అప్పటి జపాన్ మేజీ ప్రభుత్వం నెల రోజుల టైం కూడా ఇవ్వకుండా పాత చాంద్రమాన కేలెండర్ తీసేసి పాశ్చాత్య కేలెండర్ పెట్టింది, పన్నెండో నెల 3వ తేదీ కాస్తా 1873 జనవరి 1 అయిపోయింది. పాశ్చాత్య దేశాలతో సమానంగా ఉండాలన్నది ఒక కారణం, కానీ డబ్బు సంగతి కూడా ఉంది. పాత లెక్కలో 1873లో అధిక మాసం పడుతుంది, ఉద్యోగులకి 13 జీతాలివ్వాలి, ఖజానాలో అంత లేదు. పన్నెండో నెల రెండు రోజులకే ముగిసింది కాబట్టి దాని జీతం కూడా మిగిలింది. అప్పటి నాయకుడు ఒకుమా షిగెనోబు తర్వాత రోజుల్లో ఈ విషయం తనే చెప్పాడు.

టోక్యో కొత్త జులై 15కి మారిపోయింది. పల్లెల్లో కుదర్లేదు, అప్పుడు పొలం పనులు ముమ్మరంగా ఉంటాయి, పైగా పాత ఏడో నెల దాదాపు ఆగస్టులోనే వచ్చేది, అందుకని పండగని ఒక నెల ఆలస్యంగా, ఆగస్టు మధ్యకి మార్చుకున్నారు. ఒకినావా వాళ్లు మాత్రం చంద్రుణ్ణి వదల్లేదు. తనబాత అనే నక్షత్రాల పండగకీ ఇదే తిప్పలు, జులై 7న చాలా చోట్ల వానాకాలం మబ్బులు, నక్షత్రాలే కనపడవు, అందుకే సెందాయ్ నగరంలో ఆగస్టు 6 నుంచి 8 దాకా చేస్తారు.

ఇంత పెద్ద పండగైనా ఒబోన్‌కి జాతీయ సెలవు లేదు. 2016 నుంచి ఆగస్టు 11న పర్వత దినోత్సవం అని సెలవిస్తున్నారు గానీ, 13 నుంచి 16 దాకా కంపెనీలే సొంతంగా మూసేసుకుంటాయి.