రెస్టారెంటు బిల్లింగ్ వ్యవస్థ: అపోహలు - వాస్తవాలు

రెస్టారెంట్లలో బిల్లింగ్ వ్యవస్థలు అమర్చడం, వాటిని సిబ్బందికి నేర్పడం నా వృత్తి. అమ్మేవాళ్లు డెమో చూపించేది యజమానికి, అదీ హాలు ఖాళీగా ఉన్న వేళ. వాడాల్సింది మాత్రం టేబుళ్లన్నీ నిండిన గంటలో వెయిటర్లు, వంటవాళ్లు. కింది అపోహల్లో చాలావరకు ఈ తేడా మరచిపోవడం వల్ల పుట్టినవే.

అపోహ: ఎన్ని సదుపాయాలుంటే అంత మంచిది.

వాస్తవం: జాబితా పక్కనపెట్టి, మీకు తగిలే అతి చిక్కు ఆర్డరును డెమోలో మీ వెయిటర్ చేతే కొట్టించండి. ఆరుగురు కూర్చున్నారు. ఒకరికి ఉప్పు తగ్గించాలి, మరొకరికి ఏదో పదార్థం పడదు. ఆర్డరు వంటగదికి వెళ్లాక ఒకరు మనసు మార్చుకున్నారు. పక్క టేబులునూ కలిపారు. చివర్లో బిల్లు మూడుగా విడగొట్టమన్నారు. ఇదంతా ఎన్నిసార్లు తెర నొక్కితే అయిందో లెక్కపెట్టండి. మధ్యలో అమ్మేవాడు "ఇలా ఇవ్వండి, నేను చూపిస్తా" అని పరికరం అందుకుంటే మీకు జవాబు దొరికినట్టే.

అపోహ: ఆఫ్‌లైన్‌లోనూ పనిచేస్తుందన్నారు, ఇక ఇంటర్నెట్ పోయినా బెంగ లేదు.

వాస్తవం: ఆ మాట ఒక్కో కంపెనీ దగ్గర ఒక్కో అర్థంలో వినిపిస్తుంది. కొన్నిటిలో కౌంటరులో బిల్లు వస్తుంది గాని, వెయిటర్ ట్యాబ్లెట్ నుంచి వంటగదికి కేఓటీ, అంటే ఏం వండాలో చెప్పే ఆర్డరు చీటీ, వెళ్లదు. ఆ ఆర్డరు ఎక్కడో ఉన్న సర్వరు దాకా వెళ్లి తిరిగి రావాలి మరి. ఇంకొన్నిటిలో ఏ పరికరం పని అది చేస్తుంది, కానీ ఒకదానిలో తెరిచిన టేబులు రెండోదానిలో కనిపించదు. కార్డు చెల్లింపుల సంగతి మరీ సున్నితం. లైను లేనప్పుడు లావాదేవీని దాచుకుని, వచ్చాక బ్యాంకుకు పంపే పద్ధతి ఉంది. అప్పుడు బ్యాంకు తిరస్కరిస్తే, తిన్నవాళ్లు ఎప్పుడో వెళ్లిపోయి ఉంటారు, నష్టం సాధారణంగా రెస్టారెంటుదే.

అందుకే డెమో నడుస్తుండగానే బయటి నుంచి వచ్చే ఇంటర్నెట్ తీగ పీకించండి. రౌటరును ఆపవద్దు, లోపలి నెట్‌వర్క్ నడుస్తూనే ఉండాలి. ఒక ఆర్డరు కొట్టి, వంటగదిలో చీటీ వచ్చిందో లేదో స్వయంగా వెళ్లి చూడండి. ఒప్పుకోని అమ్మకందారుతో నేనైతే మాటలు అక్కడితో ఆపేస్తాను.

అపోహ: సాఫ్ట్‌వేర్ పెడితే సిబ్బంది చేతివాటం ఆగిపోతుంది.

వాస్తవం: నగదు రిజిస్టరు పుట్టిందే ఆ ఆశతో. అమెరికాలో మద్యశాల నడిపిన జేమ్స్ రిటీ, సిబ్బంది డబ్బు కాజేస్తున్నారని విసిగి, 1879లో దానికి పేటెంటు పొందాడు. ఇప్పుడు మోసం తీరు మారింది: వడ్డించి, నగదు తీసుకుని, ఆపైన బిల్లు రద్దు చేస్తారు. కాబట్టి రద్దుకు, డిస్కౌంటుకు వేరే అనుమతి ఉండాలి, ఎవరు ఎప్పుడు ఎందుకు చేశారో నమోదు కావాలి. ఇవన్నీ ఉండీ మేనేజర్ పాస్‌వర్డ్ అందరికీ తెలిసిన చోట్లు బోలెడు. కేఓటీ లేనిదే పొయ్యి మీద ఏదీ ఎక్కకూడదన్న కట్టడి మీరే పెట్టుకోవాలి, అది ఏ సాఫ్ట్‌వేరూ పెట్టదు.

అపోహ: ప్రింటరు ఏదైనా ఒకటే.

వాస్తవం: చాలా బిల్లు ప్రింటర్లలో వాడే థర్మల్ కాగితం వేడికి నల్లబడుతుంది, అక్షరాలు పడేదే ఆ గుణంతో. అలాంటి ప్రింటరును పొయ్యి పక్కన పెడితే చీటీ చదవలేనంతగా మాసిపోతుంది. అక్కడ రిబ్బను వాడే ఇంపాక్ట్ ప్రింటరే మేలు. దాని చప్పుడు కూడా వంటవాడికి పిలుపులా పనికొస్తుంది.

అపోహ: స్టాకు లెక్క దానంతటదే వచ్చేస్తుంది.

వాస్తవం: రాదు. ప్రతి వంటకానికీ ఏది ఎన్ని గ్రాములో ఎక్కించాలి, కొన్నదీ పారేసిందీ రోజూ రాయాలి. ఆ పనికి మనిషి లేకపోతే స్టాకు విభాగానికి డబ్బు కట్టవద్దు.

అపోహ: ఉచితంగా ఇస్తున్నారు, పోయేదేముంది?

వాస్తవం: ఉచితమన్నది తరచూ కార్డు చెల్లింపుల మీద శాతంగానో, మధ్యలో వదులుకోలేని ఒప్పందంగానో తిరిగి వసూలవుతుంది. మానేసేటప్పుడు మెనూ, పాత అమ్మకాల వివరాలు ఎక్సెల్ ఫైలుగా ఇస్తారా, ఈ పరికరాలు మరో సాఫ్ట్‌వేరుతో నడుస్తాయా అని సంతకానికి ముందే అడిగి, జవాబును ఒప్పందంలో రాయించుకోండి.